అమ్మను ఎవరు చూచుకోవాలి?

బాగా నటించిన ఒక చిన్న చిత్రము, అది మన ఇళ్లకు విడిచివెళ్లే పెద్ద ప్రశ్న



సినిమాలలో మంచివి, చెడ్డవి అని రెండే రకములున్నవని సాధారణముగా అనుకుంటాము. మూడవ రకము కూడ ఒకటున్నది. చూస్తున్నంతసేపు అది బాగానే ఉంటుంది. నటీనటులు మనసుపెట్టి నటిస్తారు. ఒకటి రెండు చోట్ల మన కళ్లు చెమరుస్తాయి. అయిపోయిన తరువాత దీపమార్పి పడుకుంటాము. వారము తిరిగేసరికి దాని పేరైనా నోటికి రాదు. అటువంటి చిత్రమొకదానిని గూర్చి ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నాము. దాని పేరు ‘వాట్ దే హ్యాడ్’. 2018లో అమెరికాలో విడుదలైన కుటుంబకథా చిత్రమిది.

మరచిపోయే చిత్రమును గూర్చి ఇన్ని మాటలెందుకని మీరు అడుగవచ్చును. చిత్రము మరపునకు వచ్చినా, అది ఎత్తుకున్న సమస్య మరపునకు వచ్చేది కాదు. ఇంట్లో వృద్ధురాలైన తల్లికి మతి తప్పుతున్నది. బిడ్డలు తలా ఒక చోట ఉన్నారు. తండ్రి పట్టుదల మనిషి. అమ్మను ఎవరు చూచుకోవాలి? ఎక్కడ ఉంచాలి? ఆ మాట ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్నలు చికాగో నగరములోని ఇంటికి ఎంత నిజమో, పల్లెలోని మన ఇంటికీ అంతే నిజము.

కథ

క్రిస్మసుకు ముందటి రాత్రి. బయట మంచు తుఫాను. రూత్ అనే వృద్ధురాలు పడక మీదనుండి లేచి, రాత్రి బట్టలతోనే, ఎవరికీ చెప్పకుండ తలుపు తీసుకొని ఆ మంచులోనికి నడచిపోతుంది. ఆమెకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు. భర్త బర్ట్ చూచుకునేసరికి భార్య ఇంట్లో లేదు. కొడుకు నిక్ ఆ ఊరిలోనే ఉంటాడు. కూతురు బ్రిజెట్ దూరాన కాలిఫోర్నియాలో ఉంటుంది. కబురు అందగానే ఆమె కాలేజీ చదువుతున్న తన కూతురు ఎమాను వెంటబెట్టుకొని విమానములో వస్తుంది.

తల్లి క్షేమముగానే దొరుకుతుంది. అసలు తగవు అప్పుడు మొదలవుతుంది. నిక్ ఒక మాట మీద నిలబడతాడు: ఇక అమ్మను ఇంట్లో ఉంచడము ప్రమాదము, ఇటువంటి రోగులను చూచుకునే నిలయములో చేర్చాలి. బర్ట్ ససేమిరా ఒప్పుకోడు. ఆమె తన భార్య, తన ఇంట్లో, తన ప్రక్కన ఉండవలసిన మనిషి. ఆమె చేయి పట్టుకున్ననాడు చేసిన ప్రమాణము జబ్బు వచ్చినదని కొట్టివేయబడదని ఆయన నమ్మకము. వారిది రోమన్ కతోలిక కుటుంబము. బర్ట్ ఆరాధన మానని మనిషి. బ్రిజెట్ ఇద్దరి మధ్య నలిగిపోతుంది. తండ్రి మాట కాదనలేదు, తోబుట్టువు మాట తప్పు అనలేదు.

దీనిని వ్రాసి, దర్శకత్వము వహించినది ఎలిజబెత్ చోమ్కో. ఆమెకు ఇది మొదటి చిత్రము. తన అమ్మమ్మ తాతయ్యల ఇంట్లో జరిగినదానిలోనుండే ఈ కథ పుట్టినదని ఆమె చెప్పారు. ఆస్కార్ బహుమతులిచ్చే అకాడమీ కొత్త రచయితలకిచ్చే నికొల్ ఫెలోషిప్పు 2015లో ఆమెకు లభించినది. ఇది పెద్ద స్టూడియోలు కోట్లు గుమ్మరించి తీసిన చిత్రము కాదు. కొద్దిపాటి డబ్బుతో, పెద్ద కంపెనీల నీడలో కాకుండ, సొంతముగా తీసుకునే ఇటువంటి వాటిని స్వతంత్ర చిత్రములంటారు. అటువంటి చిత్రములకు పేరుపొందిన సన్‌డాన్స్ ఉత్సవములో 2018 జనవరిలో దీనిని మొదట చూపించారు. ఆ సంవత్సరము అక్టోబరులో థియేటర్లకు వచ్చినది. పెద్దగా జనము చూడలేదు.

నటన

నటన విషయములో మాత్రము వంక పెట్టడానికి లేదు. రూత్‌గా బ్లైత్ డానర్ నటించింది. మతిమరుపు రోగి అనగానే చాలామంది నటులు శూన్యములోనికి చూస్తూ కూర్చుంటారు. ఈమె అట్లు చేయదు. నవ్వుతుంది, సరసమాడుతుంది, చిన్నపిల్లవలె సిగ్గుపడుతుంది. కాగితములు కుట్టే స్టేప్లరును ఫోను అనుకొని చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఆలయములో దీవించి ఉంచిన నీళ్లను త్రాగివేస్తుంది. చూచేవారికి నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఎందుకు నవ్వామా అనిపిస్తుంది. ఇంట్లో ఇటువంటి రోగి ఉన్నవారికి ఈ రెండు భావములు ఒకదాని వెంట ఒకటి రావడము బాగా తెలుసు.

బర్ట్‌గా రాబర్ట్ ఫోర్స్టర్ నటించాడు. ‘జాకీ బ్రౌన్’ (1997) చిత్రమునకు ఆస్కార్ పోటీలో నిలిచిన నటుడాయన. 2019 అక్టోబరులో కన్నుమూశాడు. భార్యను చూచే ఆయన చూపులో దశాబ్దముల కాపురము కనిపిస్తుంది. మొండివాడే, కాని ఆ మొండితనము వెనుక భయమున్నదని మనకు అర్థమవుతుంది. నిక్‌గా మైఖేల్ షానన్, బ్రిజెట్‌గా హిలరీ స్వాంక్ నటించారు. స్వాంక్ ‘బాయ్స్ డోంట్ క్రై’ (1999), ‘మిలియన్ డాలర్ బేబీ’ (2004) చిత్రములకు రెండుసార్లు ఉత్తమనటిగా ఆస్కార్ అందుకున్న మనిషి. ఈ చిత్రమునకు ముందు, తన తండ్రికి ఊపిరితిత్తుల మార్పిడి జరిగినప్పుడు, ఆయనను దగ్గరుండి చూచుకోవడానికి ఆమె సుమారు మూడేళ్లు నటన ప్రక్కన పెట్టింది. చేతిలో పని ఉండగా, పేరు ఉండగా అట్లు ఆగిపోవడము చిన్న సంగతి కాదు.

అయినా ఎందుకు మరచిపోతాము?

ఇంతమంది మంచి నటులుండి కూడ చిత్రము మనసులో ఎందుకు నిలువదు? మాకు మూడు కారణములు కనిపించినవి.

మొదటిది, అన్నీ మరీ సర్దిపెట్టినట్లుంటాయి. ప్రతి మనిషికి ఒక కష్టము పంచిపెట్టారు. బ్రిజెట్‌కు కాపురములో తృప్తి లేదు. నిక్ పెట్టుకున్న వ్యాపారమును తండ్రి మెచ్చుకోడు. ఎమాకు చదువు మీద మనసు లేదు. వరుసగా ఒక్కొక్కరు తమ కష్టము చెప్పుకుంటారు. ఎప్పుడు గొడవ వస్తుందో, ఎప్పుడు హాస్యపు మాట వచ్చి గొడవను చల్లారుస్తుందో ముందే తెలిసిపోతుంది.

రెండవది, ఇంత జరుగుతున్నా అమ్మ లోపల ఏమి జరుగుతున్నదో మనము చూడము. ఆమెను గూర్చి అందరూ మాట్లాడతారు, ఆమె ప్రక్కన నిలబడి ఆమె కళ్లతో చూడడము తక్కువ. అదే జబ్బు మీద వచ్చిన ‘ది ఫాదర్’ (2020) చూడండి. అందులో ఆంథొనీ హాప్కిన్స్ వృద్ధుడైన తండ్రి. గది మారిపోతుంది, మనుష్యుల ముఖములు మారిపోతాయి, ఏది నిజమో ఆయనకూ తెలియదు, చూచే మనకూ తెలియదు. రోగి భయము ఎటువంటిదో అప్పుడు అర్థమవుతుంది. మన దక్షిణాదిలోనే, మలయాళములో బ్లెస్సీ తీసిన ‘తన్మాత్ర’ (2005) ఉన్నది. మోహన్‌లాల్ అందులో జ్ఞాపకశక్తి కోల్పోయే ఉద్యోగి. అవి చూచినవారు ఏళ్లు గడచినా మరచిపోరు.

మూడవది ముగింపు. దానిని చెప్పక తప్పదు. ఎవరూ తీర్చలేని తగవును చివరకు చావు వచ్చి తీరుస్తుంది. బర్ట్ కన్నుమూస్తాడు. ఇక కాదనేవారు లేరు గనుక తల్లి విషయము తేలిపోతుంది. సినిమాకు ఇది అనుకూలమే. కాని నిజమైన ఇళ్లలో తగవు ఇంత తేలికగా తెగదు. ఈ జబ్బు ఎనిమిదేళ్లు, పదేళ్లు కూడ సాగవచ్చును. ప్రతి ఉదయము లేచి మళ్లీ అదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

దగ్గరున్న బిడ్డ, దూరమున్న బిడ్డ

ఇన్ని లోపములున్నా ఒక్క విషయములో చిత్రము నిజము పట్టుకున్నది. అది నిక్ కోపము.

నిక్ మాట కటువు. తండ్రితో గొంతెత్తి మాట్లాడతాడు. చూడగానే మనకు కొడుకు మీదనే కోపము వస్తుంది. నిదానముగా ఆలోచిస్తే, అర్ధరాత్రి ఫోను మ్రోగితే పరుగెత్తేది అతడే. ఆసుపత్రికి తీసుకుపోయేది అతడే. రోజురోజుకు అమ్మ దిగజారడము కళ్లారా చూచినది అతడే. దూరమునుండి వచ్చిన కూతురికి అమ్మ నవ్వు కనిపిస్తుంది, దగ్గరున్న కొడుకుకు అమ్మ ప్రమాదము కనిపిస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. కాని ఇంటికి వచ్చినదాని మాటకున్న విలువ, ఇంట్లో ఉన్నవాని మాటకు ఉండదు. తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్దకొడుకు ఎందుకు బయట నిలిచిపోయాడో ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

మన ఊళ్లలో ఈ కథ ఎట్లు నడుస్తుందో చూడండి. ఒక కొడుకు హైదరాబాదులో, మరొకడు గల్ఫులో, కూతురు అత్తవారింట్లో. ఊళ్లో పొలము చూచుకుంటూ ఉండిపోయినవాడు ఒక్కడు. ఆ ఒక్కని భార్యే అత్తగారి పక్క బట్టలు ఉతుకుతుంది, అన్నము కలిపి తినిపిస్తుంది, అర్ధరాత్రి గొళ్లెము తీసి బయటకు పోబోతే చేయి పట్టి తెచ్చి పడుకోబెడుతుంది. క్రిస్మసుకు వచ్చినవారు రెండు రోజులుండి, “అమ్మ చిక్కిపోయింది, సరిగా చూడడము లేదా?” అని అడిగి వెళ్లిపోతారు. ఆ ఒక్క మాట ఆ కోడలి మనసులో ఎన్ని నెలలు గుచ్చుకుంటుందో అడిగినవారికి తెలియదు. చిత్రములో నిక్‌కు ఒక నోరైనా ఉన్నది. మన ఇళ్లలో కోడలికి ఆ నోరు కూడ ఉండదు.

నిక్ చెప్పిన మార్గము మన పల్లెలలో చాలామందికి అందుబాటులో లేదు. మతిమరుపు రోగులకు ప్రత్యేకమైన నిలయములు మన దేశములో కొద్దిగానే, అవి కూడ ఎక్కువగా నగరములలోనే ఉన్నవి. కాబట్టి మన ప్రశ్న “ఇంట్లోనా, నిలయములోనా” అన్నది కాదు. ఇంట్లోనే, సరే, కాని ఆ భారము ఒక్కరి మీదనా, అందరి మీదనా అన్నదే మన ప్రశ్న.

ఇది చాదస్తము కాదు, జబ్బు

మన ఇళ్లలో పెద్దవారు చెప్పినదే చెప్పితే చాదస్తమంటాము. తిన్నది మరచి మళ్లీ అన్నమడిగితే నవ్వుతాము. దాచుకున్న డబ్బు కనబడక కోడలే తీసిందని నిందిస్తే కోపపడతాము. కొన్ని చోట్ల గాలి సోకిందని, ఎవరో ఏదో చేయించారని కూడ అనుకుంటారు. ఇది అవేవీ కాదు. మెదడులోని కణములు క్రమముగా నశించుటవలన వచ్చే జబ్బు. 1906లో అలాయిస్ అల్జీమర్ అనే జర్మను వైద్యుడు ఇటువంటి ఒక స్త్రీ రోగిని గూర్చి మొదట వివరించాడు. అందువలననే ఈ జబ్బుకు ఆయన పేరు వచ్చినది. ఇటువంటి జబ్బులన్నిటిని కలిపి డిమెన్షియా అంటారు. వాటిలో అల్జీమర్స్ ఎక్కువమందికి వచ్చేది.

మన దేశములో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన అంచనా వేసినది. అంటే ఆ వయసువారిలో నూటికి ఏడుగురికి పైగా. పురుషులలో కన్న స్త్రీలలో, పట్టణములలో కన్న పల్లెలలో ఇది ఎక్కువగా ఉన్నదని కూడ తేలినది. పెద్ద ఊరిలో వృద్ధులను లెక్కపెట్టుకుంటే, ఈ జబ్బు మన వీధిలోనే ఉన్నదని తెలుస్తుంది. పేరు తెలియక దాగి ఉన్నది, అంతే.

మతిమరుపు కనిపించిన ప్రతివారికి అల్జీమర్సే అనుకోరాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము, తలకు తగిలిన దెబ్బ కూడ మతిని తికమక చేయవచ్చును. వీటిలో చాలావాటికి వైద్యమున్నది. అందువలన “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోక, ఒకసారి డాక్టరుకు చూపించడము అవసరము. అల్జీమర్సే అయితే పూర్తిగా నయము చేసే మందు లేదు. అయినను కొన్ని లక్షణములను అదుపులో ఉంచే మందులున్నవి. రక్తపోటు, మధుమేహము అదుపులో ఉంచుకోవడము, చెవుడును సరిచేయించుకోవడము, పొగ మానడము మొదలైనవాటివలన ముప్పు కొంత తగ్గుతుంది.

మన ఇళ్లలో చేయదగినవి

రోగితో వాదించి గెలవాలని చూడరాదు. చనిపోయిన అక్క ఎప్పుడు వస్తుందని అమ్మ అడిగితే, “ఆమె చచ్చిపోయి ఇరవై ఏళ్లయింది గదా” అన్నప్పుడెల్లా ఆమెకు అది క్రొత్త చావే అవుతుంది. అక్కను గూర్చి నాలుగు మాటలు చెప్పించుకుంటే సరిపోతుంది. క్రొత్తవి నిలువకపోయినా పాతవి చాలాకాలము నిలుస్తాయి. చిన్ననాట నేర్చిన పాటలు, ప్రార్థనలు, నాట్లపాటలు ఎత్తుకుంటే గొంతు కలుపుతారు.

ఇంటి పేరు, ఊరి పేరు, ఒక ఫోను నంబరు చీటీ మీద వ్రాసి బట్టకు కుట్టి ఉంచాలి. బావి, చెరువు, రోడ్డు దగ్గరగా ఉన్న ఇళ్లలో తలుపుకు చిన్న గంట కట్టడము మంచిది. పొయ్యి, పురుగుమందు డబ్బాలు, మందుబిళ్లలు చేతికి అందకుండ ఉంచాలి. లేచుట, స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరిగితే రోగికి నెమ్మది కలుగుతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది, చూచుకునే మనిషిని చూచుకోవడము. దూరమున్న బిడ్డలు డబ్బు పంపి చేతులు కడుగుకోరాదు. సంవత్సరములో పదిహేను రోజులైనా వచ్చి, ఆ కోడలిని పుట్టింటికి పంపి, ఆ పని తాము చేయాలి. అప్పుడే ఆ పని బరువు తెలుస్తుంది. ఇరుగుపొరుగువారు, సంఘములోని స్త్రీలు వారమునకు ఒక పూట వచ్చి రోగి దగ్గర కూర్చుంటే, ఆ ఇల్లాలు సంతకు వెళ్లి రాగలదు, ఆరాధనకు వెళ్లగలదు, కనీసము కంటినిండ నిద్రపోగలదు. మనము పరామర్శకు వెళ్లి రోగిని గూర్చి అడుగుతాము. “నీవెట్లున్నావమ్మా?” అని ఆమెను అడిగేవారు తక్కువ.

తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యత అని 2007లో కేంద్ర ప్రభుత్వము చేసిన చట్టము చెబుతున్నది. పోషించని బిడ్డల మీద వృద్ధులు ట్రిబ్యునలుకు వెళ్లి నెలవారీ భృతి కోరవచ్చును. వృద్ధులకు సలహా, సహాయము కొరకు 14567 అనే ఉచిత ఫోను సేవ ఉన్నది. మానసిక ఒత్తిడితో ఉన్నవారు, రోగిని చూచుకుంటూ అలసినవారు కూడ, 14416 నంబరుకు ఫోను చేసి మాట్లాడవచ్చును. అయితే భృతి ఇప్పించగల చట్టము అమ్మ ప్రక్కన కూర్చోబెట్టలేదు. ఆ పని మనమే చేయాలి.

ఈ చిత్రమును చూడవచ్చునా?

పెద్దవారు చూడవచ్చును. తప్పక చూడవలసినది కాదు. కటువైన భాష ఉన్నందువలన అమెరికాలో దీనికి పెద్దల సర్టిఫికెటు ఇచ్చారు. పిల్లలను ప్రక్కన పెట్టుకొని చూచేది కాదు. రూత్, బర్ట్ కలిసి ఉన్న దృశ్యముల కొరకు, నిక్ కోపము కొరకు చూడవచ్చును. భార్యకు తన పేరు గుర్తున్నా లేకపోయినా ఆమెను అదే ప్రేమతో చూచే భర్త తెర మీద తరచుగా కనిపించడు. కాని ఆ ప్రేమకు కూడ సహాయము కావాలని, ఒక వృద్ధుడు ఒక్కడే మోయగల బరువు కాదని గ్రహించకపోవడమే బర్ట్ పొరపాటు. ప్రేమ ఉన్నచోట సహాయము అడగడము అవమానము కాదు.

చిత్రము పేరు మీరు మరచిపోయినా మాకు అభ్యంతరము లేదు. ఈ రాత్రి భోజనముల తరువాత, ఈ క్రింది ప్రశ్నలు ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటే చాలు.

కుటుంబములో మాట్లాడుకొనుటకు

1. మన ఇంట్లో పెద్దవారికి మతి తప్పితే ఎవరి దగ్గర ఉండాలని వారు కోరుకుంటున్నారు? ఆ మాట వారు చెప్పగల స్థితిలో ఉండగానే అడిగామా?

2. ఇప్పుడు మన ఇంట్లో ఈ భారము మోస్తున్నది ఎవరు? వారికి గడచిన నెలలో ఒక్క రోజైనా విశ్రాంతి దొరికినదా?

3. దూరమున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు డబ్బు కాక ఇంకేమి ఇవ్వగలరు? ఈ సంవత్సరము ఎవరు, ఎప్పుడు వచ్చి ఎన్ని రోజులుంటారు?

4. మన వీధిలో ఇటువంటి రోగి ఉన్న ఇల్లు ఏది? ఈ వారము ఒక పూట ఆ ఇంటికి వెళ్లి కూర్చోగలవారు మనలో ఎవరు?